ఇంట్లో వస్తువులతో దుకాణం ఆట ఐదు నిమిషాలు కూడా నిలవట్లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

పాలపిట్ట (కరీంనగర్):

పాపకు నాలుగున్నరేళ్లు, బాబుకు ఇరవై నెలలు. కొన్న బొమ్మలు పక్కనపెట్టి ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఆడించాలని చూస్తున్నాం. ఒక పెద్ద టబ్బులో పది స్టీలు గ్లాసులు, ఆరు చిన్న గిన్నెలు, నాలుగు గరిటెలు, ఖాళీ మసాలా డబ్బాలు, ఓ ముప్పై సీసా మూతలు, ఒక ప్యాకెట్ బట్టల క్లిప్పులు, రెండు పాత చున్నీలు వేసి హాల్లో పెడుతున్నాం. దుకాణం ఆట ఆడుకోండి అంటే రెండు నిమిషాల్లో అన్నీ బయటపడేస్తారు. తర్వాత మోత, ఆ తర్వాత ఒకే గరిటె కోసం కొట్లాట, చివరికి టబ్బు బోర్లా పడుతుంది. వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టె కూడా బాల్కనీలో ఉంది.

అడగాల్సినవి ఇవీ. ఏ వస్తువులు, ఎన్ని ఇవ్వాలి? పెద్దవాళ్లం ఎంతవరకు కలగజేసుకోవాలి? చిన్నోడు పక్కనే ఉంటాడు కాబట్టి వేటిని తీసేయాలి? అట్టపెట్టెను కోసి ఇవ్వాలా, అలాగే ఇవ్వాలా?


ఆటలమూల:

వస్తువులు మంచివే పెట్టారు. పెట్టిన తీరులోనే చిక్కుంది. యాభైకి పైగా వస్తువులు ఒక టబ్బులో కలగలిపి పెడితే, ఆ టబ్బుతో పిల్లలు చేయగలిగింది ఒక్కటే: ఖాళీ చేయడం. పైగా మీ బాబు వయసుకి నింపడం, ఒలకబోయడం, మళ్లీ నింపడమే అసలైన ఆట. పాపకు కావాల్సింది వేరు. ఆమెకు ఒక చోటు కావాలి, తనెవరో తెలియాలి, చేయడానికో పని ఉండాలి. ఈ రెండు ఆటలూ ఒకే టబ్బులోంచి నడవవు. ముందు విడదీయండి.

బాబు సంగతి మొదట చెప్తాను, అది తేలిక. బ్రిటన్‌లో చిన్నపిల్లల సంరక్షణపై పనిచేసిన ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ ఈ వయసువాళ్ల కోసం ఒక పద్ధతి చెప్పింది. ఒకే రకం వస్తువులు ఎక్కువ సంఖ్యలో, వాటిని వేయడానికి ఖాళీ పాత్రలు కొన్ని ఇవ్వాలి. పెద్దవాళ్లు పక్కనే మాట్లాడకుండా కూర్చోవాలి. మన ఇంట్లో దానికి బాగా పనికొచ్చేవి గాజులు. మట్టిగాజులు కాదు, లోహపువో గట్టి ప్లాస్టిక్‌వో. ఓ డజను గాజులు, నిలబెట్టిన పప్పుగుత్తి ఒకటి, వెడల్పు మూతి స్టీలు డబ్బా ఒకటి, జల్లెడ ఒకటి ఇవ్వండి. పప్పుగుత్తి పిడికి గాజులు తొడుగుతాడు, తీస్తాడు, డబ్బాలో వేస్తాడు, ఆ చప్పుడు విని మళ్లీ వేస్తాడు. ఈ నాలుగే చాలు, ఇంకేమీ కలపొద్దు. పప్పుగుత్తి పడిపోతుంటే బియ్యం నింపి మూత బిగించిన చిన్న డబ్బా ఆనించి పెట్టండి.

ఇక పాప దుకాణం. అమ్మే సరుకు నాలుగు రకాలు దాటొద్దు. ఐదు ఉల్లిగడ్డలు, నాలుగు ఆలుగడ్డలు, రెండు సబ్బులు (పైకాగితం తీయనివి), ఖాళీ టీపొడి డబ్బా ఒకటి. వీటితోపాటు సంచి, పాత నోటుపుస్తకం, పెన్సిలు, డబ్బులకి చింపిన కాగితం ముక్కలు పదో పన్నెండో. అంతే. తూకం ఉంటే ఇంకా బాగుంటుంది, కానీ మొదటిరోజు వద్దు. మొదటిరోజే తూకం ఇస్తే దుకాణం పక్కకు పోయి తూకంతోనే ఆట అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం గల్లా. ఒక పీటో, పక్కకు పడుకోబెట్టిన కుర్చీయో దుకాణదారుకీ కొనేవాళ్లకీ మధ్య అడ్డంగా పెట్టండి. ఈ అడ్డు లేకపోతే ఇద్దరూ ఒకే కుప్ప మీద పడతారు, గరిటె కొట్లాట అక్కణ్ణుంచే వస్తోంది. అడ్డు ఉంటే సరుకు ఇటు, డబ్బు అటు, మధ్యలో చేతులు మారాలి. చేతులు మారాలంటే మాట కావాలి. ఆట అక్కడ మొదలవుతుంది. గోడ మూలలో, వెనక వైపు దారి లేకుండా పెడితే చిన్నోడు వెనకనుంచి దూరడు.

ఇప్పుడు మీ పాత్ర. "ఆడుకోండి" అని చెప్పి తప్పుకోవద్దు. కొనేవాళ్లుగా రండి. సంచి భుజాన వేసుకుని, "ఉల్లిగడ్డ కిలో ఎంతమ్మా? నిన్న ఇరవై అన్నావు కదా" అనండి. ఆమె ఏదో ఒకటి చెప్తుంది. అప్పుడు చిన్న ఇబ్బంది ఒకటి తెండి. "నా దగ్గర ఐదొందల నోటే ఉంది, చిల్లర ఉందా?" "సంచి చిరిగింది, ఎట్లా పట్టుకుపోను?" "మా ఇంటికి చుట్టాలొచ్చారు, ఉన్న సరుకంతా కావాలి." ఇబ్బంది వస్తే దాన్ని తీర్చడానికి ఆమె ఏదో ఒక వస్తువుని ఇంకో వస్తువుగా మార్చుకుంటుంది. చున్నీ సంచవుతుంది, సబ్బు పెట్టె ఫోనవుతుంది. మూడు నాలుగు నిమిషాలయ్యాక "బస్సు టైమైంది, వస్తానమ్మా" అని లేచిపోండి. కనిపించేంత దూరంలోనే ఉండండి, చూపు మాత్రం మీ పని మీద పెట్టండి.

చేయకూడనిది ఒకటి ఉంది, దాదాపు అందరూ చేసేదే. "ఇవి ఎన్ని? ఇదేం రంగు? ఉల్లిగడ్డని ఇంగ్లీషులో ఏమంటారు?" ఆ మాట పడగానే దుకాణదారు మాయమై బడిపిల్ల వచ్చి కూర్చుంటుంది. లెక్క కావాలంటే ఆటలోనే అడగండి: "మూడిమ్మన్నాను, రెండే వేశావేంటి?" అది ప్రశ్న కాదు, గిరాకీ గొడవ. ఆమె లెక్కపెట్టి తీరుతుంది.

ఇంకో సంగతి. మొదటి పది నిమిషాల్లో చాలాసేపు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. "నువ్వు అమ్మవి, నేను దుకాణం అంకుల్‌ని, కాదు కాదు నువ్వు పోలీసువి" అని మాటలే నడుస్తాయి. అది ఆటకు ముందు జరిగే గొడవ అనుకుని సర్దిచెప్పడానికి వెళ్తాం. ఈ వయసులో ఆ ఏర్పాటే సగం ఆట. అందుకే ఒక్కోసారికి కనీసం నలభై నిమిషాలు ఖాళీ ఉండేలా చూసుకోండి. అన్నానికి పావుగంట ముందు మొదలుపెడితే ఏర్పాటు అయ్యేసరికే పిలుస్తాం.


తాటాకుబుట్ట (విజయనగరం):

పైన చెప్పింది సరిగ్గా ఉంది, వస్తువు ఎంపిక గురించి మాత్రం కొంచెం కలుపుతాను.

ఏ వస్తువైనా దేనిగానైనా మారుతుందనుకుంటాం, మారదు. రష్యన్ మనస్తత్వవేత్త విగోత్‌స్కీ 1933లో ఆట గురించి ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పిన ఉదాహరణ ఉంది. కర్ర గుర్రమవుతుంది, ఎందుకంటే కాళ్ల మధ్య పెట్టుకుని పరుగెత్తొచ్చు. పోస్టుకార్డు గుర్రం కాలేదు. ఒంటితో చేసే కదలికకి ఆ వస్తువు ఒదగాలి, పోలిక ఉండక్కర్లేదు. దీన్ని ఇంట్లో వస్తువులకి వేసి చూడండి. అప్పడాలకర్ర మైకవుతుంది, వేణువవుతుంది, బండి గేరు అవుతుంది, పాపాయి కూడా అవుతుంది. చాట స్టీరింగవుతుంది, డప్పవుతుంది, తలమీద పెడితే గొడుగు. అదే ప్లాస్టిక్ బొమ్మ ఫోన్ ఇస్తే, మీటలు నొక్కితే పాటొస్తుంది. అది ఎప్పటికీ ఫోనే.

కానీ ఇది మూడేళ్లు దాటినవాళ్లకి. ఏడాది నిండాక పిల్లలు ఖాళీ గ్లాసుతో తాగినట్టు నటిస్తారు, రెండేళ్లకు దగ్గరపడేకొద్దీ బొమ్మకీ పక్కవాళ్లకీ తాగిస్తారు. ఆ దశలో గ్లాసు గ్లాసులాగే ఉండాలి. మీ బాబుకి చెక్కముక్క ఇచ్చి ఇది గ్లాసు అంటే నోట్లో పెట్టుకుంటాడు. కాబట్టి అతనికి అసలు వస్తువులే, చిన్న సైజువి ఇవ్వండి: పాలగ్లాసు, ఉగ్గుగిన్నె, చెంచా, మెత్తటి గుడ్డబొమ్మ. ఆ బొమ్మకి ఒకసారి పాలు పట్టి చూపించి గ్లాసు అతని చేతికిచ్చేయండి.

లక్కపిడతలు ఎందుకు ఇన్నాళ్లు నిలిచాయో కూడా ఇందులోనే ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పూసి చేసే ఆ పొయ్యి, కుండ, గరిటె, తిరగలి అన్నీ ఇంట్లో ఉన్న రూపమే, అరచేతిలో పట్టే కొలత. మీట నొక్కితే వెలిగేది ఏదీ లేదు, కాబట్టి వెలిగించే పని, ఉడికించే పని, చప్పుడు చేసే పని పిల్లే చేసుకోవాలి. పోతన భాగవతంలో చిన్ననాటి రుక్మిణి చెలికత్తెలతో బొమ్మల పెళ్లిళ్లు చేసి, గుజ్జనగూళ్లు వండించి పెట్టిస్తుంది. మీవైపు బువ్వలాట అంటారేమో. దుకాణం ఆట బాగా నడిచాక దాని పక్కనే బువ్వలాట మూల పెట్టండి. దుకాణంలో కొన్నది అక్కడ వండుతారు, వండింది తినడానికి మళ్లీ చుట్టాలు కావాలి. రెండు మూలల మధ్య నడక ఉంటే ఆట గంటసేపు సాగుతుంది.

బువ్వలాటకి పిండిముద్ద కొలత ఇస్తున్నా. మైదా 2 కప్పులు, మెత్తటి ఉప్పు అర కప్పు, నూనె 2 పెద్ద చెంచాలు, బాగా వేడిగా ఉన్న నీళ్లు ముప్పావు కప్పు నుంచి కప్పు. పిండి, ఉప్పు పొడిగానే కలిపి, నూనె వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో తిప్పి, చేయి పట్టేంత చల్లారాక ఐదు నిమిషాలు మర్దించాలి. గల్లుప్పు వాడితే కరగక గరుకుగా ఉండి, సాగదీసినప్పుడు ముద్ద చిరుగుతుంది. ఉప్పు అసలు వేయకపోతే మర్నాటికి పులుస్తుంది. చల్లటి నీళ్లు పోస్తే చేతికంటుకుంటూనే ఉంటుంది, దానికని ఇంకా పిండి చల్లితే సాయంత్రానికి గట్టిపడి పగుళ్లొస్తాయి. మూత గట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా వస్తుంది. వానాకాలం ఉప్పు గాల్లో తేమ లాగి పైన జిగటగా అవుతుంది, అప్పుడు చెంచాడు మైదా అద్ది మర్దిస్తే చాలు.

రంగుకి పసుపు చిటికెడు. చిన్న గిన్నెలో పసుపునీళ్లు, ఇంకో గిన్నెలో వంటసోడా నీళ్లు పెట్టండి. రెండూ కలిపితే పసుపు ఎర్రబారుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపురంగుకి వస్తుంది. బువ్వలాటలో ఇంతకన్నా మంచి "పులుసు" లేదు. సున్నం మాత్రం వాడొద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం. పసుపు మరక బట్టలకి పడుతుంది, పాత బట్టలు వేసి కూర్చోబెట్టండి.


నీలిగోళీ:

చిన్నోడి విషయంలో నేను రాస్తాను, మీ టబ్బులో ముందుగా తీసేయాల్సినవి రెండు కనిపిస్తున్నాయి.

ఒకటి సీసా మూతలు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం అడ్డుకొలత సుమారు 32 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడేది ఏదైనా గొంతుకి అడ్డుపడగలదని లెక్క. మామూలు మంచినీళ్ల సీసా మూత దాదాపు 3 సెంటీమీటర్లు, అంటే ఇమిడిపోతుంది. ఈ గొట్టం ఇంట్లోనే చేసుకోవచ్చు. గట్టి అట్టకాగితం మీద 10 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, అతికించడానికి ఇంకో సెంటీమీటరు వదిలి కత్తిరించండి. అంచు సరిగ్గా గీత మీదికి వచ్చేలా చుట్టి అతికిస్తే లోపలి అడ్డుకొలత దాదాపు 32 మిల్లీమీటర్లు వస్తుంది. నేనైతే 12 సెంటీమీటర్లకి చుట్టమంటాను. ఇంట్లో వస్తువులు బొమ్మల్లా పరీక్షకి వెళ్లి వచ్చినవి కావు కాబట్టి కాస్త ఎక్కువ జాగ్రత్త మంచిది. దాని ఎత్తు 5, 6 సెంటీమీటర్లు ఉంటే చాలు. చిన్నోడికి అందే ప్రతి వస్తువునీ ఒకసారి అందులో వేసి చూడండి.

రెండోది ప్లాస్టిక్ క్లిప్పులు. దండెం మీద ఎండకి ఎండినవి పెళుసుగా ఉంటాయి, నొక్కగానే విరిగి స్ప్రింగు ఎగిరొస్తుంది. కొత్తవే అయినా పాపకి మాత్రమే ఇవ్వండి.

పప్పులు, గింజలు ఆటకి పెట్టేవాళ్లున్నారు. శనగలు, బఠాణీలు, చింతగింజలు ముక్కులోకో చెవిలోకో పోతే సాయంత్రానికి తడికి ఉబ్బుతాయి, తీయడం కష్టమవుతుంది. పోయిందని అనుమానం వస్తే పుల్లతో కెలక్కుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. గురివింద గింజలు అందంగా ఉంటాయని పాత పెట్టెల్లో దాచినవి ఇస్తుంటారు. నమిలితే అవి విషం, ఇంట్లోనే ఉంచొద్దు.

పాత చీరలు, చున్నీలు పెట్టెలోంచి తీసి ఇచ్చేముందు దులపండి. కలరా ఉండలు మడతల్లో ఉంటాయి, చూడటానికి పెప్పర్‌మింట్ బిళ్లల్లా ఉంటాయి, మింగితే రక్తకణాలు దెబ్బతింటాయి. చున్నీని మీటరు ముక్కలుగా కత్తిరించి ఇవ్వండి, పూర్తి పొడవుది మెడకి చుట్టుకునే అవకాశం ఉంది. డాక్టరాట కోసమో తూకం కోసమో పాత రిమోటు, డిజిటల్ తూకం మిషను ఇస్తే ముందు బ్యాటరీ తీసేయండి. నాణెం లాంటి బిళ్ల బ్యాటరీ మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాలిన పుండు పెట్టగలదు. అలాంటప్పుడు వాంతి చేయించకుండా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

బువ్వలాటకి నీళ్లు కావాలంటారు. చెంబుతో ఇవ్వండి, బకెట్టుతో వద్దు. ఈ వయసువాళ్లు తలబరువుకి ముందుకు పడితే జానెడు నీళ్లలోంచి కూడా లేవలేరు. పైన చెప్పిన ఉప్పు పిండిముద్ద కూడా పాపకే. బాబుకి ఉప్పులేని చపాతీ పిండి, మీరు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే, ఆట అయ్యాక పారేయండి.


అట్టపెట్టె_మేస్త్రీ (తణుకు):

పెట్టె దగ్గరికి వద్దాం. మొదటి రెండు రోజులు కోయకుండా ఇచ్చేయండి. తీయాల్సినవి మాత్రం తీసేయండి: ఇనుప పిన్నులు (అడుగు మూతల దగ్గర ఉంటాయి, ఊడదీసి ఆ చోట కాగితం టేపు వేయండి), ప్లాస్టిక్ పట్టీలు, లోపలి థర్మోకోలు, పాలిథిన్ కవరు. థర్మోకోలు పూసలు ముక్కులోకి పోతాయి. పెట్టెలో ఏం కావాలంటారో రెండు రోజులు విని అప్పుడు కత్తి తీయండి. పెద్దవాళ్లం ముందే బస్సు బొమ్మ వేసేస్తే అది బస్సే అయిపోతుంది, రేపు అది గుడి కావాలన్నా కాదు.

కోసేటప్పుడు అందరూ చేసే తప్పు పై మూతలు నాలుగూ కోసిపారేయడం. పెట్టెకి బిగువు ఇచ్చేవి ఆ మూతలే. అవి పోతే పిల్లలు ఒక గోడకి ఆనుకోగానే పెట్టె పక్కకి ఒరిగి చప్పబడుతుంది. నాలుగు మూతల్నీ లోపలికి మడిచి గోడకి అతికించేయండి. పై అంచు రెండు పొరలవుతుంది, పట్టుకుని లేచినా వంగదు, అంచు చేతికి కోసుకోదు కూడా.

తలుపుకి మూడు వైపులే కోసి నాలుగో వైపు మడతకి వదలాలి. మడత గీతను కత్తితో కాదు, చెంచా వెనక భాగంతో స్కేలు ఆనించి గట్టిగా రెండుసార్లు గీయండి. అట్ట నలిగి గీత మీదే మడుస్తుంది. మడత నిలువు గీతల వెంబడి ఉండేలా చూడండి, అట్ట లోపలి గాడులు ఎటు ఉంటే అటు సులువుగా మడుస్తుంది. గాడులకి అడ్డంగా మడిస్తే వంకరగా విరిగి రెండు రోజుల్లో తలుపు ఊడుతుంది. గుమ్మం అడుగున 10 సెంటీమీటర్ల అట్ట గడపలా వదలండి. గడప లేకుండా నేలదాకా కోస్తే ఆ గోడ రెండు ముక్కలై పెట్టె నోరు తెరుచుకుంటుంది. కిటికీలు గడప నుంచి, మూలల నుంచి కనీసం జానెడు దూరంలో ఉండాలి. కత్తి పని పిల్లలు లేనప్పుడు చేసేయండి.

స్టీరింగు అడుగుతారు, అడిగి తీరుతారు. దానికి ఒక చిట్కా ఉంది. లీటరు నీళ్ల సీసా మెడను, మూత కింద ఉండే ప్లాస్టిక్ వలయానికి ఒక వేలు కింద కత్తిరించండి. కోసిన అంచుకి టేపు చుట్టండి. వాడేసిన అట్ట పళ్లెం మధ్యలోనూ పెట్టె ముందు గోడలోనూ 2.8 సెంటీమీటర్ల రంధ్రం చేయండి, సీసా మెడ మరలు దూరేంత. పెట్టె బయటి నుంచి మెడను లోపలికి దూర్చండి. వలయం బయటే ఆగిపోతుంది. లోపల పళ్లెం తొడిగి మూత బిగించండి. మూత పూర్తిగా బిగించి పావు చుట్టు వదిలితే పళ్లెం తేలిగ్గా తిరుగుతుంది. గట్టిగా తిరుగుతుంటే రంధ్రం చిన్నదైందన్నమాట, ఉప్పుకాగితంతో కాస్త రుద్దండి. ఊడిపోతుంటే అట్ట మందం ఎక్కువై మూతకి మరలు అందట్లేదు. వాషింగ్ మెషీన్ పెట్టెలకి రెండు పొరల అట్ట వాడతారు కాబట్టి మీకు ఇదే ఎదురవ్వొచ్చు. అలాంటప్పుడు రంధ్రం చుట్టూ అరచేయంత మేర లోపలి పొర ఒలిచేయండి. నీలిగోళీ గారు చెప్పిన మూత ఇక్కడ కూడా ఉంది కదా. చిన్నోడు విప్పగలడనిపిస్తే మూతకీ మెడకీ కలిపి లోపలి నుంచి టేపు చుట్టండి, పళ్లేనికి తగలకుండా.

అతికించడానికి బ్రౌన్ టేపు వేస్తే దాని మీద రంగు నిలవదు, స్కెచ్ పెన్ను చెరిగిపోతుంది. కాగితం టేపు, లేదా మైదా జిగురు మేలు. రెండు పెద్ద చెంచాల మైదా అర కప్పు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న ఒక కప్పు నీళ్లలో పోసి రెండు నిమిషాలు తిప్పితే జిగురు. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల పెట్టెకి వేయొద్దు. ఏ రోజుకారోజు కాస్త కలుపుకోండి.


పాలపిట్ట:

అందరికీ థాంక్స్ అండి. గల్లా అడ్డం పెట్టి, సరుకు నాలుగు రకాలకి తగ్గించాక ఈరోజు తేడా కనిపించింది. మూడు సందేహాలు మిగిలాయి. ఉల్లిగడ్డలతో ఆటేంటి, తినే వస్తువులతో ఆడకూడదు అని మా అత్తమ్మ అంటున్నారు. హ్యాంగర్‌తో తూకం కట్టాం, ఎప్పుడూ ఒకవైపే ఒరుగుతోంది. ఆట ఆపి సర్దమంటే ఏడుపు.


తాటాకుబుట్ట:

అత్తమ్మగారి మాటలో న్యాయం ఉంది. వండినది, బియ్యం, పప్పు నేలపాలయ్యేలా ఇవ్వొద్దు. తొక్క ఉన్న కూరగాయలు పూర్తిగా ఉన్నవైతే ఆటయ్యాక కడిగి వంటింటికే వెళ్తాయి. ఆ బాధ్యత కూడా ఆటలో పెట్టండి: సాయంత్రం కూరకి కావాల్సిన మూడు ఉల్లిగడ్డలు అత్తమ్మగారు వచ్చి పాప దుకాణంలోనే కొనాలి, కాగితం డబ్బులిచ్చి. ఆవిడ బేరమాడితే మనకంటే బాగా ఆడతారు. ఆలుగడ్డలు మాత్రం మొలకొచ్చినవీ, పచ్చబడినవీ ఆటకీ వద్దు, కూరకీ వద్దు.


ఆటలమూల:

సర్దమని మధ్యలో చెప్తే దుకాణదారు పని చెడగొట్టినట్టే. దుకాణం కట్టేసే వేళ ఉంటుంది కదా, దాన్ని వాడండి. పది నిమిషాల ముందు "ఇక ఇద్దరే గిరాకీలు, తర్వాత షట్టరు దించేద్దాం" అని చెప్పండి. మీటరు చున్నీ ముక్కను గల్లా మీద కప్పడమే షట్టరు. సరుకు లోపలే ఉండనివ్వండి, పొద్దున మళ్లీ తెరుస్తుంది. రోజూ మొత్తం ఎత్తేస్తే రేపు ఏర్పాటు మళ్లీ మొదటికొస్తుంది. చోటు చాలకపోతే సరుకంతా ఒకే సంచిలో "గోదాముకి" పంపండి. మూడు నాలుగు రోజులకి సరుకు మార్చండి, అన్నీ కాదు, ఒక రకం తీసి ఒక రకం పెట్టండి. ఆసక్తి పూర్తిగా పోయిందనిపిస్తే అదే గల్లాను రైలు టిక్కెట్ల కౌంటరు చేయండి, నోటుపుస్తకం ఎటూ ఉంది.


అట్టపెట్టె_మేస్త్రీ:

తూకం ఒరగడానికి కారణాలు మూడు, ఈ వరసలో చూడండి.

మొదటిది, హ్యాంగర్ కొక్కాన్ని తలుపు గొళ్లేనికో కుర్చీ అంచుకో నేరుగా తగిలించి ఉంటారు. వెడల్పు అంచు మీద కొక్కెం కదలదు, ఎటు ఆగితే అటే ఉండిపోతుంది. కొక్కేనికి దారం కట్టి ఆ దారంతో వేలాడదీయండి. రెండోది, గిన్నెల దారాలు హ్యాంగర్ వాలు మీద జారుతున్నాయి. పట్టీల కోసం గాట్లున్న ప్లాస్టిక్ హ్యాంగర్ వాడండి, గాట్లు లేకపోతే రెండు చివర్లా రబ్బరుబ్యాండు నాలుగు చుట్లు చుట్టి దానికి లోపల దారం కట్టండి. మూడోది, గిన్నెకి రెండే దారాలు కట్టడం. మూడుండాలి, అంచున సమాన దూరంలో, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్లు. ముందు మూడు దారాల్నీ కలిపి పైన ముడేసి, తర్వాత ఒకే కొలతకి కత్తిరించి గిన్నెకి కడితే పొడవులు తేడా రావు. గిన్నెలకి కొబ్బరి చిప్పలు కంటే ఒకే ప్యాకెట్లోని రెండు కాగితపు గిన్నెలు మేలు, చిప్పలు రెండూ ఒకే బరువుండవు.

ఇవన్నీ సరిచేశాక కూడా కాస్త ఒరిగితే పైకి లేచిన వైపు చేతికి ఒక బట్టల క్లిప్పు పెట్టి, మధ్యనుంచి చివరికి కొద్దికొద్దిగా జరపండి. కర్ర సమంగా నిలిచిన చోట టేపు వేసేయండి. ఈ పని పాపతోనే చేయించండి, క్లిప్పు జరిపినకొద్దీ తూకం మారడం ఆమె కళ్లతో చూడాలి.

తూనికరాళ్లకి సబ్బులు వాడొచ్చు. లేబుల్ మీద బరువు చూసి ఒకే బరువున్నవి, 100 గ్రాములవైతే మంచిది, రెండు మూడు తీసుకోండి. కాగితపు గిన్నె అంతకంటే మోయలేదు, దారం కట్టిన చోట చిరుగుతుంది. ఆ రంధ్రాల దగ్గర లోపలా బయటా టేపు వేసి, ఆ టేపులోంచి సూదితో దారం తీయండి. తూకం గోడకి జానెడు దూరంలో వేలాడాలి, గిన్నెలు నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి. అంతకంటే ఎత్తున కడితే చిన్నోడు గిన్నె పట్టుకుని వేలాడతాడు.